గ్యాసుకి దారి ఎటు?



ఈ వేసవి మొదట్లో, కల్లాల మీద మిరపకాయ ఎర్రగా పరుచుకుని ఉన్న రోజుల్లో, ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. మాది దాచేపల్లి, నాగులేరు ఒడ్డున ఊరు. ముప్పయ్యేళ్ళకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయినవాణ్ణి. ఆ కుర్రాడి నాన్న ఒకప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు. కుర్రాడిది ఇంజనీరింగు రెండో సంవత్సరం. సంచిలోంచి ఒక స్టీలు ఫ్లాస్కు తీసి అరుగు మీద పెట్టాడు. మూతకి రెండు బెజ్జాలు, ఒక్కో బెజ్జంలోంచి ఒక రాగి తీగ. తీగల చుట్టూ ఎం-సీల్ మెత్తి ఉంది. మూత అంచున సైకిలు ట్యూబు కత్తిరించి వాషరుగా వేశాడు. పని శుభ్రంగా ఉంది. చేతికి నేర్పు ఉన్న పిల్లవాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"కోల్డ్ ఫ్యూజన్ మాస్టారూ. లోపల నికెల్ రేకులు, పొటాషియం కార్బొనేట్ కలిపిన నీళ్ళు. మూడు ఆంపియర్ల కరెంటు ఇస్తాను. ఇచ్చినదాని కంటే ఎక్కువ వేడి వస్తుందేమో కొలుస్తాను."

"బాగుంది. గ్యాసుకి దారి ఎటు?"

"దారి లేదు మాస్టారూ. కావాలనే మూసేశాను. గ్యాసు బయటికి పోతే దాంతోపాటు వేడి లెక్క కూడా పోతుంది కదా."

ఆ జవాబు తెలివితక్కువ జవాబు కాదు. అసలు భయమంతా అక్కడే ఉంది. ఆలోచించి, లెక్క వేసి, ఒక కారణంతో మూత బిగించాడు. ఈ ప్రయోగాల్లో దెబ్బ తిన్నవాళ్ళలో అలాంటివాళ్ళూ ఉన్నారు. అందుకే ఇవాళ ఈ విషయం మాట్లాడుతున్నాను.

కోల్డ్ ఫ్యూజన్, అంటే శీతల సంలీనం కథ ఇలా మొదలైంది. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ అనే ఇద్దరు ఎలక్ట్రోకెమిస్టులు విలేకరులను పిలిచి ఒక సంగతి ప్రకటించారు. భారజలంలో పల్లాడియం కడ్డీ ఉంచి కరెంటు పంపితే, పెట్టినదాని కన్నా ఎక్కువ వేడి వస్తోందన్నారు. అది రసాయన చర్యతో వచ్చేంత వేడి కాదనీ, సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనం లాంటిది గాజు పాత్రలోనే జరుగుతోందనీ అన్నారు. ప్రపంచమంతా ఎగబడింది. మన దేశంలో ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో, అప్పటి డైరెక్టర్ పి.కె. అయ్యంగార్ పూనికతో, ఆ ఏడాదే చాలా బృందాలు పని మొదలుపెట్టాయి. సంలీనానికి గుర్తులైన ట్రిటియం, న్యూట్రాన్లు కనిపించాయని ఆ ఏడాది చివర బీఏఆర్‌సీ-1500 అనే నివేదికలో రాశారు. ఈ రంగం వాళ్ళ అంతర్జాతీయ సమావేశం 2011 ఫిబ్రవరిలో చెన్నైలోనే జరిగింది. భారజలమంటే మనకూ దూరపు వస్తువేం కాదు, గోదావరి ఒడ్డున మణుగూరులో దాన్ని తయారు చేసే పెద్ద కర్మాగారం ఉంది.

తర్వాత ఏమైందో మీలో చాలామందికి తెలుసు. ఎక్కువ ప్రయోగశాలల్లో ఆ వేడి మళ్ళీ కనిపించలేదు. గూగుల్ సంస్థ డబ్బు పెట్టి కొన్నేళ్ళు చేయించిన పరిశోధన ఫలితం 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. శీతల సంలీనానికి ఆధారం దొరకలేదని తేల్చారు. ఆ వేడి నిజమా కాదా అన్న వాదనలోకి ఇవాళ నేను వెళ్ళను. నా మటుకు నాకు ఇంతవరకూ నమ్మకం కుదరలేదు. కుదిరినవాళ్ళంటే నాకు చిన్నచూపూ లేదు. అయితే ఒకటి మాత్రం వాదన లేకుండా నిజం. ఈ ప్రయోగాల్లో పేలుళ్ళు జరిగాయి. ఒక మనిషి చనిపోయాడు.

కుర్రాణ్ణి కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేయించాను. మీరూ మనసులో వేసుకోండి. నీళ్ళలోంచి ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పోతే సుమారు 450 మిల్లీలీటర్ల హైడ్రోజన్, అందులో సగం ఆక్సిజన్ పుడతాయి. రెండూ కలిపి దాదాపు 700 మిల్లీలీటర్లు. మూడు ఆంపియర్లయితే గంటకు రెండు లీటర్లు. కుర్రాడి ఫ్లాస్కు అర లీటరుది. నీళ్ళు పోయగా పైన మిగిలిన ఖాళీ 100 మిల్లీలీటర్లు. ఆ వంద మిల్లీలీటర్లలోకి గంటకు రెండు లీటర్ల గ్యాసు దూరాలి. అంటే వాతావరణ పీడనానికి ఇరవై రెట్లు అదనంగా చేరుతుంది. మన ఇంట్లో ప్రెషర్ కుక్కరు విజిల్ వేసేది దాదాపు ఒక రెట్టు అదనపు పీడనం దగ్గర. కుర్రాడి ఫ్లాస్కు మూడు నిమిషాల్లో కుక్కరవుతుంది. ఆ తర్వాత విజిల్ లేదు, వాల్వు లేదు, కరిగి దారిచ్చే సేఫ్టీ ప్లగ్గూ లేదు.

పీడనం ఒక్కటే అయితే మూత ఎగిరిపడేది, సీలు ఊడేది. ఇక్కడ లోపలున్నది ఉత్త గాలి కాదు. రెండు పాళ్ళు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్. పేలడానికి అంతకు మించిన పాళ్ళు లేవు. హైడ్రోజన్ మామూలు గాలిలో నూటికి 4 పాళ్ళ నుంచి 75 పాళ్ళ వరకూ ఎంత కలిసినా అంటుకుంటుంది. అంటించడానికి కావలసిన శక్తి మిల్లీజౌలులో యాభయ్యో వంతు. చలికాలం రాత్రి నైలాన్ చొక్కా విప్పితే చిటపటలాడుతుందే, ఆ నిప్పురవ్వ చాలు. లోపల వదులైన తీగ ఒకటి ఎలక్ట్రోడుకి తగిలీ తగలనట్టు ఉన్నా చాలు. ఎలక్ట్రోడు పల్లాడియమో ప్లాటినమో అయితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. నీళ్ళ మట్టం తగ్గి ఆ లోహం బయటపడితే, దాని మీదే హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి మండటం మొదలవుతుంది. పల్లాడియం తన పరిమాణానికి 900 రెట్ల హైడ్రోజన్‌ను తాగి దాచుకునే లోహం. కరెంటు ఆపినా అది వదులుతూనే ఉంటుంది.

గంటలో పోగయ్యే ఆ రెండు లీటర్ల మిశ్రమంలో దాగిన శక్తి మూడు గ్రాముల టీఎన్‌టీకి సమానం. ఆ కుర్రాడు ఆ ఫ్లాస్కుని సంచిలో పెట్టుకుని, బండి మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అదృష్టవశాత్తూ ఇంకా కరెంటు పెట్టలేదు.

ఇక 1992 జనవరి 2 సంగతి. కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్ అనే పేరున్న పరిశోధన సంస్థ ఉంది. మైకేల్ మెక్‌క్యూబ్రీ నాయకత్వంలో అక్కడ శీతల సంలీనం మీద ఎంతో జాగ్రత్తగా పని జరిగేది. వాళ్ళు ఔత్సాహికులు కారు, నిపుణులు. పుట్టిన డ్యుటీరియం (భారజలంలోని బరువు హైడ్రోజన్), ఆక్సిజన్ బయటికి పోకుండా లోపలే మళ్ళీ కలిసి భారజలంగా మారడానికి పాత్రలోనే ఉత్ప్రేరకం అమర్చారు. వేడి లెక్క తప్పకూడదనే. మా కుర్రాడి ఆలోచనా అదే, కాకపోతే వాళ్ళ దగ్గర ఉత్ప్రేరకం ఉంది, పీడనం చూసుకునే ఏర్పాటు ఉంది. ఆ రోజు గ్యాసు మార్గం మూసుకుపోయింది. ఉత్ప్రేరకం తన పని చేయలేదు. లోపల డ్యుటీరియం, ఆక్సిజన్ కలిసి పేరుకున్నాయి. ఆండ్రూ రైలీ అనే బ్రిటిష్ ఎలక్ట్రోకెమిస్టు ఆ పాత్ర దగ్గర ఉన్న సమయంలో అది పేలింది. ఆయన అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. మెక్‌క్యూబ్రీకి గాయాలయ్యాయి. విచారణలో తేలింది మామూలు రసాయన పేలుడని. అణుశక్తి సంగతి అందులో ఏమీ లేదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే పేలుతుందని మనం పదో తరగతిలో పరీక్షనాళిక మూతి దగ్గర 'టప్' మనిపించి చూస్తామే, అదే.

రైలీ గురించి చదివినప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది. ఎందుకో చెప్పాలంటే మా ఊరి కథ ఒకటి చెప్పాలి.

మా పల్నాడులో నేల తవ్వితే సున్నపురాయి. దాచేపల్లి, పిడుగురాళ్ళ చుట్టూ సున్నం బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఆ రాయి మీదే బతుకుతున్నాయి. కాబట్టి మంట లేని వేడి మాకు వింత కాదు. బట్టీలో కాలిన సున్నపు గడ్డ మీద నీళ్ళు పోస్తే బుసలు కొడుతూ ఉడుకుతుంది. స్వచ్ఛమైన కాల్చిన సున్నం ఒక్క కిలో, నాలుగు లీటర్ల నీళ్ళను మామూలు వేడి నుంచి మరిగే దాకా తీసుకుపోగలదు. పొయ్యి లేదు, కట్టె లేదు. చిన్నప్పుడు మాకది ఇంద్రజాలంలా ఉండేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. నాతోపాటు మా బాబాయి కొడుకు. ఒక గోలీ సోడా బుడ్డి దొరికింది. గోలీ సోడా సంగతి మీకు తెలుసు, లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూతిని బిగిస్తుంది. లోపల ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటుంది. మేము దానిలో సున్నం పలుకులు, నీళ్ళు పోశాం. గోలీ పట్టేసింది. కాసేపు ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి, ఏమైందో చూద్దామని వాడు దగ్గరికెళ్ళి వంగాడు. చప్పుడు నాకు గుర్తు లేదు. తెల్లటి మరక గుర్తుంది, వాడి మొహం మీద, చొక్కా మీద. వాడు రెండు చేతులతో కళ్ళు మూసుకుని నాగులేటి వైపు పరిగెత్తాడు, నీళ్ళ కోసం. కుడి కన్ను దక్కలేదు. వాడిప్పుడు నా వయసు మనిషి, మనవలున్నారు. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు.

ఏమీ కాకపోవడం చూసి దగ్గరికెళ్ళడం. శ్రోతలారా, పీడనం వల్ల ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. పొగ కనిపిస్తే మనిషి దూరం జరుగుతాడు. బుడగలు ఆగిపోతే, సూది కదలకపోతే, ఏం పాడైందోనని వంగి చూస్తాడు. ఆగిపోయిన బుడగే అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక. పుట్టే గ్యాసు పుడుతూనే ఉంది, పోయే దారి మాత్రం పూడింది.

దారి ఎలా పూడుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది కళ్ళారా చూడదగ్గ విషయం. బుడగలు పగిలినప్పుడు సన్నటి తుంపర లేస్తుంది. ఆ తుంపరలో కార్బొనేటో, లిథియం లవణమో, కాస్టిక్కో ఉంటుంది. అది గొట్టం గోడకు అంటి ఎండుతుంది. రోజు రోజుకీ తెల్లగా, చవుడు పొంగిన గోడలా పొర కడుతుంది. కొన్నాళ్ళకు పెన్సిలంత గొట్టం అగ్గిపుల్ల దూరనంత అవుతుంది. లేదా గొట్టం ఒక చోట మడత పడి కిందికి వాలి, ఆ పల్లంలో నీటిచుక్క చేరి బిరడాలా కూర్చుంటుంది. ప్రయోగం పెట్టిన రోజు దారి ఉంది కదా అని ధైర్యపడితే కుదరదు. ప్రతిరోజూ చూడాలి.

కుర్రాణ్ణి వెంటబెట్టుకుని సాయంత్రం అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదికి వెళ్ళాను. సిమెంటు లారీలు రాత్రింబవళ్ళు తిరిగే రోడ్డు. అక్కడొక పంక్చరు షాపు ఉంది. ఆ షాపు మనిషి లారీ చక్రానికి గాలి పడుతున్నాడు. చక్రం పడుకోబెట్టి, ఇనుప రింగు ఉన్న వైపు నేలకి తిప్పి, పైన గొలుసు చుట్టి, తను రెండు గజాల పక్కన నిలబడి పొడుగు పైపుతో పడుతున్నాడు. కుర్రాడు దగ్గరికి పోబోయాడు.

"ఎదురుగా నిలబడమాక అబ్బాయా, పక్కకి రా," అన్నాడు ఆయన, తల తిప్పకుండానే. "రింగు లేచిందంటే తలకాయ ఉండదు. నూటపది పెడతన్నా."

నూటపది అంటే వాతావరణ పీడనానికి ఏడున్నర రెట్లు. కుర్రాడు నా వైపు చూశాడు. వాడి ఫ్లాస్కులో గంటకు ఇరవై. ఆ పంక్చరు షాపు ఆయన బడికి ఎంత దూరం పోయాడో నాకు తెలియదు. కానీ పీడనాన్ని ఎలా గౌరవించాలో ఆయన నిలబడ్డ తీరులో ఉంది. ప్రమాదం వస్తే ఎటు వస్తుందో ముందే ఆలోచించి, అటు తను లేకుండా చూసుకున్నాడు.

మిరపకాయ దాచుకునే ఏసీల్లో, అంటే కోల్డ్ స్టోరేజీల్లో, పనిచేసేవాళ్ళకీ ఈ తెలివి ఉంటుంది. పేరు చల్లది. లోపల అమ్మోనియాను మన ఎండల్లో ద్రవంగా మార్చాలంటే వాతావరణ పీడనానికి సుమారు 15 రెట్లు నొక్కాలి. 'కోల్డ్' అన్న మాట వినగానే ప్రమాదం లేదనుకోవడం కోల్డ్ స్టోరేజీలోనూ తప్పే, కోల్డ్ ఫ్యూజన్‌లోనూ తప్పే.

మరి వేడి లెక్క సంగతి? గ్యాసుని వదిలేస్తే లెక్క పోతుందన్న కుర్రాడి బాధకి జవాబుంది. నీటిని విడగొట్టడానికి ఖర్చయిన శక్తి గ్యాసుతో బయటికి పోతుంది, నిజమే. అది ఎంతో మనకు తెలుసు. కరెంటుని 1.48 వోల్టులతో గుణిస్తే వచ్చేదే ఆ శక్తి. భారజలమైతే ఈ సంఖ్య కొంచెం ఎక్కువ, దాదాపు 1.53. ఉదాహరణకు నాలుగు వోల్టులు, అర ఆంపియరు ఇస్తే మొత్తం 2 వాట్లు. అందులో 0.74 వాట్లు గ్యాసుతో పోయింది. మిగిలిన 1.26 వాట్లే వేడిగా కనిపించాలి. మూత తీసి పెట్టి కూడా లెక్క కడతాం. కనపడకుండా లోపలే కొంత గ్యాసు తిరిగి కలిసిపోతే లేని వేడి ఉన్నట్టు కనిపిస్తుంది. బయటికొచ్చే గ్యాసుని గుర్తులున్న గొట్టంలో కొలిచి, అంతా వచ్చిందా లేదా చూస్తే ఆ అనుమానమూ తీరుతుంది. కాబట్టి మూత బిగించకపోయినా వేడి లెక్క ఎక్కడికీ పోదు.

ఇంకో రకం ప్రయోగం గురించి కూడా మన పిల్లలకు చెప్పాలి. ఇటలీలో ఆండ్రియా రోసీ 2011లో ఈ-క్యాట్ అనే యంత్రాన్ని ప్రదర్శించాక, 2014లో రష్యాలో అలెగ్జాండర్ పార్ఖోమోవ్ దానిలాంటిది చేశానన్నాక, ప్రపంచమంతా ఔత్సాహికులు పింగాణీ గొట్టాలు పట్టుకున్నారు. నికెల్ పొడి, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ వేసి, రెండు కొసలూ మూసి, వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. ఆ హైడ్రైడ్ ఒక గ్రాము వేడెక్కితే దాదాపు ఒక లీటరు హైడ్రోజన్ వస్తుంది. పదో వంతు గ్రామే వేశారనుకోండి, గొట్టంలో ఖాళీ రెండు మిల్లీలీటర్లు అనుకోండి. చల్లగా ఉన్నప్పుడే 50 రెట్ల పీడనం. వెయ్యి డిగ్రీల దగ్గర 200 దాటుతుంది. పింగాణీ వంగదు, సాగదు, ముందుగా చెప్పదు. ఒక్కసారిగా ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఎర్రగా కాలి ఉంటాయి. ఆ పొడికి నీళ్ళు తగిలినా భగ్గుమంటుంది, కంగారులో బిందెడు నీళ్ళు తెచ్చి పోస్తే మరీ ముప్పు. ఈ ప్రయోగం ఇంట్లో చేయవద్దని ఆ కుర్రాడికి చెప్పినట్టే మీ పిల్లలకూ చెప్తున్నాను. ఇందులో నాకు రెండో మాట లేదు.

సరంజామా ఉన్నవాళ్ళకే ఎలా జరుగుతుందో చూడండి. ఫ్లైష్‌మన్, పాన్స్ 1989లో రాసిన వ్యాసంలోనే ఒక పల్లాడియం దిమ్మె కొంత కరిగి, కొంత ఆవిరై, పాత్రా దాన్ని ఉంచిన అలమరలో కొంత భాగమూ ధ్వంసమయ్యాయని హెచ్చరించారు. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయంలో తదహికో మిజునో 2005 జనవరి 24న గాజు పాత్ర పేలి, గాజు ముక్కలతో గాయపడ్డారు. ఆయన దాని మీద నివేదిక రాసి అందరి ముందూ పెట్టారు. దెబ్బ తిన్న మనిషి దాచుకోకుండా రాసిన ఆ కాగితాలంటే నాకెంతో గౌరవం.

మా కుర్రాడి ఫ్లాస్కు ఇప్పుడు మా వంటింట్లో టీకి పనికొస్తోంది. వాడి ప్రయోగం ఆగలేదు. ఆపమని నేను అనలేదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. మూత బిగించడు, ఊరికే కూర్చోబెడతాడు, లోపల ఏం జరిగినా మూతే ముందు లేవాలని. మూతలోంచి ఒక గొట్టం నీళ్ళ సీసాలోకి, ఆ సీసాలోంచి ఇంకో గొట్టం బయటి గాలిలోకి, పైకి. మూడు ఆంపియర్లు అర ఆంపియరుకి దించాడు. డబ్బాని పడగ్గదిలోంచి పెరట్లో గాలి ఆడే రేకుల పంచకి మార్చాడు. డబ్బాకీ తనకీ మధ్య మందపాటి పాలికార్బొనేట్ పలక. మీటర్లు వైరు పొడుగు చేసి పలక ఇవతల. కళ్ళద్దాలు, పక్కన బకెట్టు నీళ్ళు, కార్బొనేట్ కళ్ళలో పడితే కడుక్కోవడానికి. తను ఒక్కడే ఉన్నప్పుడు కరెంటు పెట్టనని వాళ్ళమ్మకి మాటిచ్చాడు.

మొన్న రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాడు.

"వస్తున్నాయి మాస్టారూ, బుడగలు. నిమిషానికి నలభై. రెండు గంటల్నుంచి లెక్క పెడుతున్నా."

"వేడి?"

"మీరు చెప్పిన లెక్క దగ్గరే ఉంది. ఎక్కువేం లేదు."

"బుడగలు ఆగిపోతే?"

"ముందు కరెంటు తీసేస్తా. స్విచ్ వంటింటి గోడకి పెట్టించా. తీసేసి, తెల్లారే దాకా ఆ పంచలోకి అడుగు పెట్టను."

"దగ్గరికెళ్ళి చూడాలనిపిస్తేనో?"

కాసేపు మాట్లాడలేదు వాడు. ఫోనులో గొట్టం చివర నీళ్ళలో బుడగల చప్పుడు వినిపిస్తోంది, బుడుక్కు, బుడుక్కు అని.

"అమ్మ ఇక్కడే ఉంది మాస్టారూ," అన్నాడు. "వెళ్ళనివ్వదు."